కాశీరాం బూరలో మిగిలిన తడి

నాందేడ్‌లో రైలు పట్టాలకు ఆనుకొని ఉన్న మా గల్లీలో వెంకవ్వను తెల్లవారుజామున నిద్ర లేపేది రైలు కాదు. రైలు పోతుండగా ఆమె ఇంట్లో మేకుకు వేలాడే ఇత్తడి బూర సన్నగా మూలిగేది. "లేస్తున్న, లేస్తున్న" అని దానికి జవాబిచ్చి ఆమె చాప చుట్టేది. నడుమ ఉన్నది ఒక్క రేకు గోడే కనుక ఆ మూలుగూ, ఆ జవాబూ పక్కింట్లో ఉన్న మాకు వినబడేవి. పట్టాల అదురుకు ఇత్తడి మోగుతుందని మాకు తెలుసు. అయినా దేవుని ముందు దీపం వెలిగిస్తున్న నా చేయి ఆ శబ్దానికి కాసేపు ఆగిపోయేది.

ఆ బూర ఆమె భర్త కాశీరాంది. ధర్మాబాద్ దిక్కు పల్లెలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, నాందేడ్ వచ్చి, అంబదాస్ అనే ఆయన నడిపే పెండ్లి బ్యాండులో చేరాడు. మాట తక్కువ మనిషి. బూర కింది వంపులో చిన్న మీట ఒకటి ఉండేది. ఊదగా ఊదగా ఊపిరి తడి లోపల నీళ్లై నిలుస్తుంది. పని నుంచి రాగానే కాశీరాం గడప బయట నిలబడి, ఆ మీట నొక్కి, ఒక్క ఊపు ఊది, ఆ తడి అంతా నేల మీద కార్చేవాడు. ఆ చోట వెంకవ్వ చెంబెడు నీళ్లు పోసిన తరువాతే బూర ఇంట్లోకి వచ్చేది. ఆ బ్యాండు వాళ్లందరి ఇళ్లలోనూ అదే ఆచారం. "ఎవరెవరి పెండ్లిళ్లల్ల ఊదిన గాలి అది, మన ఇంట్లకెందుకు?" అని ఆమె నవ్వేది.

రెండు వేల ఏడు ఎండాకాలంలో ఒక ఊరేగింపు నడుమ, పాట సగంలో ఉండగా, కాశీరాం నడిరోడ్డు మీద కూలిపోయాడు. మళ్లీ లేవలేదు. అంబదాస్ ఆ బూరను వెంకవ్వ ఇంటికి తెచ్చాడు. గడప బయట నిలబడి, అలవాటు కొద్దీ మీట మీద వేలు పెట్టాడు.

"ముట్టకు!" అని వెంకవ్వ అరిచింది. "ఆయన ఊపిరి అండ్లనే ఉన్నది. నువ్వు కింద పోస్తవా?"

అంబదాస్ వేలు తీసేశాడు. తడి తీయని బూర మొదటిసారిగా ఇంట్లోకి పోయింది. ఏడాది పాటు దానిని తుడవనియ్యలేదు, దింపనియ్యలేదు. మేకుకు దానిని వేలాడదీసిన తీరే వేరు. ఉన్న తడి ఒలికిపోకూడదని, మీట ఉన్న వంపు పైకి వచ్చేటట్టు కట్టింది.

మరుసటి ఏడు ఆమె ఒక్కగానొక్క బిడ్డ శుభాంగికి నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు తల్లిగారింట్లో కావాలి. వియ్యపురాలు జనాబాయి ధర్మాబాద్ నుంచి ఇల్లు చూసిపోదామని వచ్చి, ఆ రాత్రి అక్కడే పడుకొంది. తెల్లవారుజామున రైలు పోయింది.

"వదినె, ఎవరది మూలిగింది?"

"మీ అన్ననే, బూరల నుంచి. రోజు లేపుతడు."

జనాబాయి చాయ్ కూడా తాగలేదు. పోతూ పోతూ మా గడప దగ్గర నిలబడి, నా చేయి పట్టుకొని ఏడ్చింది. ఆమె కఠినురాలు కాదు, ఆమెకు భయం. "కోడలు నీళ్లాడేటప్పుడు తల్లి పక్కన ఉండాలనే నాకూ ఉంటది అక్కా. గని పసిగుడ్డును ఈ ఇంట్ల ఎట్ల పండవెట్టాలె? ఆ బూర ఉన్నన్ని దినాలు నేను పిల్లను తోలను."

వెంకవ్వ మూడు రోజులు సరిగా తినలేదు. నేను జొన్న రొట్టె తీసుకొని పోతే, గోడ వైపు చూస్తూ అంది: "బిడ్డకు నేను కావాలె. ఈయనకూ నేనే కావాలె. ఏం జెయ్యమంటవ్?"

మాహూర్ కొండ మీది రేణుక తల్లికి దండం పెట్టుకొన్నాను. నాలుగో నాడు ఆమే బూరను కొంగులో చుట్టుకొని, ఊదేవాడెవరికైనా ఇచ్చేద్దామని బయలుదేరింది. తోడుగా నేను పోయాను.

అంబదాస్ బ్యాండు అప్పటికే మూతపడింది. పెండ్లిళ్లలో డీజే డబ్బాలు మోగుతున్నాయి. అందుకని బూర ఫోటో ఇంటర్నెట్‌లో పెట్టిద్దామని, గల్లీ చివర ఇంటర్నెట్ దుకాణం పెట్టుకొన్న నిలేశ్ దగ్గరికి పోయాము. మగ్గం నేసే వాళ్ల పిల్లవాడు, మా కళ్ల ముందు పెరిగినవాడు.

"ఇందుల వెడితె ఎవరు చూస్తరు బిడ్డా?" అని వెంకవ్వ అడిగింది.

"దునియా మొత్తం చూస్తది పెద్దమ్మా."

"దునియా ఎందుకురా? ఊదెటోడు ఒక్కడు చూస్తె సాలు."

ఫోటో తీసే ముందు ఆమె బూరకు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టింది. నిలేశ్ నవ్వాడు. "ఏంది పెద్దమ్మా, పెండ్లిచూపులకు తయారు జేసినవా?"

"ఇంట్ల నుంచి పంపేటప్పుడు ఉత్తగ పంపుతరా?"

కంప్యూటర్లో బొమ్మ వచ్చింది. బూర నోటి అంచు మీద ఒక మనిషి నీడ, భుజాలు వంచి నిలబడినట్టు. వెంకవ్వ వేలితో ఆ అద్దాన్ని తాకింది. "నిలవడ్డడు సూడు. ఫోటో అంటె ఎప్పుడూ గట్లనే వంగుతడు."

అది ఫోటో తీస్తున్న నిలేశ్ నీడే. వాడు నా వైపు చూశాడు. "ఔ పెద్దమ్మా" అన్నాడు, అంతే. ఆ మీద ఆమె రోజూ పోయేది. గిరాకీ ఎంత ఉన్నా వాడు ఫ్యాన్ కింద స్టూలు వేసి, ఆ బొమ్మ తెరిచి పెట్టేవాడు. ఆమె కాసేపు చూసి, దండం పెట్టి, వచ్చేసేది. ఒకసారి మాత్రం తిరిగి వస్తూ, "ఇంట్ల ఉన్నడు, ఆడ ఉన్నడు. ఎక్కడ లేడో తెలుస్తలేదు" అంది.

నిలేశ్ ఫోనుకు పిలుపులు వచ్చాయి. పుణె నుంచి ఒకాయన హోటల్ గోడకు అలంకారంగా కావాలన్నాడు.

"గోడకేనా? నా ఇంట్ల గోడ లేదా?" అని వెంకవ్వ కొట్టిపారేసింది. కరిగించుకొనే వాడొకడు బరువెంతని అడిగితే, నిలేశ్ ఆ సంగతి ఆమెకు చెప్పనే లేదు.

చివరికి ముఖేడ్ నుంచి సిద్ధార్థ అనే బ్యాండు కళాకారుడు బస్సులో వచ్చాడు. ముప్పై ఏండ్లుంటాయి. చెప్పులు దూరంగా విడిచి, బూరకు దండం పెట్టాకే చేతిలోకి తీసుకొన్నాడు. నొక్కే బొత్తాలు మూడింటిలో ఒక్కటీ కదలలేదు.

"మావశీ, ఇది ఊదరాదు. తడి తియ్యక చిలుము పట్టింది. ఎన్నడు తీసిండ్రు?" అని, వెంకవ్వను పిన్నమ్మ వరసలో పిలిచి అడిగాడు.

"తియ్యలే" అంది వెంకవ్వ. "ఆయన ఊపిరి పోతదని అట్లనే పెట్టిన."

అంతా చెప్పింది. ఊరేగింపూ, సగం పాటా, తెల్లవారుజాము మూలుగూ. సిద్ధార్థ నవ్వలేదు. నేల మీద చతికిలబడి, బూరను పసిపిల్లలా ఒడిలో పెట్టుకొన్నాడు.

"వేడినీళ్లు లోపల పోసి కడిగితె బొత్తాలు ఇడుస్తయి మావశీ. కడిగినంక ముందు మాహూర్ల తల్లి ముంగట ఊదుత. అటెన్కనే పెండ్లిళ్లల్ల. గని కడగకుంట తీసుకపోను. కాకా ఊపిరి లోపట ఉంటె, నేనేడ ఊదాలె? వద్దంటె చెప్పు, ఇట్లనే మేకుకు కట్టిపోత."

నేను లేచి పోదామనుకొన్నాను. ఆమె నా కొంగు పట్టుకొంది.

"బిడ్డకు దినాలు దగ్గరవడ్డయి" అని తనలో తాను అనుకొన్నట్టు అంది. లేచి, పొయ్యి మీద నీళ్లు తానే పెట్టింది. గడప బయట సిద్ధార్థ బూరను వంచి పట్టుకొంటే, ఆమె చెంబుతో పోసింది. మొదట ఏమీ రాలేదు. తరువాత ఆకుపచ్చని మురికినీళ్లు, వాటితో పాటు ఒక వాసన. కాశీరాం నమిలే తంబాకు వాసన అది. నాకూ వచ్చింది, అబద్ధం చెప్పను. వెంకవ్వ చెంబు ఆగలేదు. పోస్తూనే, "పో ఇగ. ఎంతసేపు నిలవడ్తవు? కాళ్లు గుంజుతయి" అని మెల్లగా అంటూనే ఉంది.

మూడో చెంబుకు ఒక బొత్తాం కదిలింది. సిద్ధార్థ బూరను పెదవులకు ఎత్తబోయాడు.

"ఈడ వద్దు బిడ్డా" అంది ఆమె. "వింటె ఆయన మల్ల వస్తడు."

అతను తలూపి, తన తువ్వాలలోనే బూరను చుట్టుకొన్నాడు. గల్లీ మలుపు దాకా వీపు తిప్పకుండా, వెనక్కి వెనక్కి నడుస్తూ పోయాడు.

ఆ సాయంత్రమే ఫోన్ బూత్ నుంచి వెంకవ్వ ధర్మాబాద్‌కు ఫోను కలిపించింది. బూత్ ముందు జనం వరుస కట్టి ఉన్నారు. "వదినె, ఇల్లు ఖాళీ అయింది. పిల్లను తోలుకరా" అంది.

అవతల జనాబాయి ఏమందో మాకు వినబడలేదు. ఫోను పెట్టేసిన శబ్దం మాత్రం వచ్చింది. అయినా వెంకవ్వ ఫోనును చెవికి ఆనించుకొనే నిలబడింది. బూర మూలుగులా లోపల మోగుతున్న ఆ 'కూ' శబ్దాన్ని అలా వింటూనే ఉండిపోయింది. వెనుక నిలబడ్డ వాళ్లలో ఒక్కరు కూడా తొందరపెట్టలేదు.