పొగ చూసి రోగం చెప్పిన రాజమల్లు

కామారెడ్డిలో బండ్ల ఇంజన్లకు డీజిల్ అందించే పంపుల మరమ్మతులో అగ్రగణ్యుడు, నా చిరకాల మిత్రుడు రాజమల్లు పరమపదించాడన్న దుర్వార్త ఎల్లారెడ్డి బస్టాండులో చాయ తాగుతుండగా నా చెవిన పడింది. చేతిలోని గ్లాసు జారి భళ్లున పగిలింది. వయసు మీద పడ్డాక అబద్ధం అరగడం లేదు కనుక ఇక్కడే చెప్పేస్తాను: గ్లాసు పగల్లేదు. చాయ మొత్తం తాగే లేచాను. కాకపోతే రెండడుగులు వేశాక, ఎటు పోవాలని లేచానో మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను.

నేను చాలా ఏళ్లు కామారెడ్డి–ఎల్లారెడ్డి రోడ్డు మీద జీపు నడిపినవాణ్ణి. ఆ జీపు ప్రాణం రాజమల్లు చేతిలో ఉండేది. అతని పరీక్షావిధానం అపూర్వం. ఇంజను స్టార్టు చేయించి, పొగ వెనకాల తెల్లగుడ్డ పట్టి, వైద్యుడు నాడి చూసినంత నిష్ఠతో దాని రంగు చూసేవాడు. నల్లగా ఉంటే డీజిల్ సరిగా కాలడం లేదు. నీలంగా ఉంటే ఇంజనాయిలు కాలుతోంది. "పొగంటే బండి చెప్పుకునే బాధ అన్నా. గది ఇనకుండ తోల్తే, ఆ బాధ ఊరోళ్ల ఛాతీల పడుతది" అనేవాడు.

ఒకసారి ఒక మహోన్నతాధికారి అతని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అంటే, అధికారి కాదు, ఆయన డ్రైవరు. చేతులు కట్టుకోనూ లేదు, పల్లీలు తింటున్నాడు. "జల్ది కానియ్, సారుకు మీటింగున్నది" అంటే, "సారును నడిచి పొమ్మను. గీ పొగతోటి బండిని నేను బయటికి పంప" అన్నాడు రాజమల్లు. ఈ మాట మాత్రం అక్షరసత్యం. ఆ పల్లీల్లో నాకూ వాటా ఉంది.

లింగంపేటలో జీపు ఆగే చోట ఎల్లవ్వ అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేది. "బీడీ ముట్టియ్యకముందే పొగ తాపుతున్నవ్ గదరా! ఆకంత నల్లగైతున్నది, నా దగ్గు సూడు" అని నన్ను రోజూ తిట్టేది. ఆ సంగతి తెలిసి రాజమల్లు, నేను పిలవకపోయినా ముందే కబురంపి బస్సెక్కి వచ్చాడు. ఆమె అరుగు ముందే ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి శుభ్రం చేశాడు. తీర్పు నన్ను కాదు, ఆమెనే అడిగాడు.

"ఇప్పుడు జూడవ్వా, ఎట్లున్నది?"

"మంచిగున్నది బిడ్డా. గట్లనే వీని నోరు గూడ కడుగు."

ఇక అసలు సంగతి. నెల తిరక్కముందే ఆ జీపు మళ్లీ నల్లపొగ కక్కింది. ఎల్లవ్వ దగ్గు మళ్లీ మొదలైంది. కారణం నాకు తెలుసు. ఆ రోజుల్లో మా జీపుల అడ్డాలో చాలామందిమి డీజిల్‌లో కిరసనాయిలు కలిపేవాళ్లం. డీజిల్ కన్నా అగ్గువకు దొరికేది. దాంతో పంపు లోపల్లోపలే అరిగిపోతుంది. రాజమల్లుది సూక్ష్మగ్రాహి అయిన ముక్కు కనుక, అతను నా బండి చూసే రోజున మాత్రం ట్యాంకు ఖాళీ చేసి అసలు డీజిల్ పోసుకునేవాణ్ణి. అతను బాగుచేసేవాడు, నేను చెడగొట్టేవాణ్ణి. ప్యాసింజర్లు సణిగితే, "నేనేం జెయ్యాలె? రాజమల్లు చెయ్యి తప్పుతున్నది" అన్నాను. ఆ మాట మొదట పుట్టింది నా నోట్లోనే. మిగతా డ్రైవర్లకూ అక్కరకొచ్చింది. ఏడాది తిరిగేసరికి రోడ్డంతా పాకింది.

చివరికి అతనూ నమ్మాడు. ఒకనాడు పంపు తీసుకుపోతే ముట్టుకోలేదు.

"ఇంకోని దగ్గరికి పో అన్నా. నా చేతిల ఏదో తప్పు పడ్డది, నాకు దొర్కుతలేదు. నేను జేసిన బండి పొగ ఆ అవ్వ మింగుతుంటే నాకు బువ్వ సయిస్తలేదు."

చెబుదామని నోరు తెరిచాను. "పోనీ తియ్, రాజమల్లూ" అన్నాను, అంతే. ఆ నిపుణుడు మిగిలిన జీవితమంతా పంక్చర్లు వేస్తూ గడిపాడు.

అతను పోయిన పదకొండో రోజున అతని భార్య నర్సవ్వకు అంతా చెప్పాను. ఈసారి పెంచలేదు, తుంచలేదు.

"పానం బోయేదాంక తన చేతులనే సూసుకున్నడన్నా" అంది. "గీ ముచ్చట నా ఒక్కదాని చెవుల జెప్తే ఏమొస్తది? గప్పుడు రోడ్డంత జెప్పినవ్ గద. గిప్పుడు గూడ రోడ్డంత జెప్పు."

నిన్న కామారెడ్డి అడ్డాలో నిలబడి చెప్పాను. "ముసలోడు మళ్ల కోతలు కోస్తున్నడు" అని నవ్వారు. నా అబద్ధాలన్నీ నమ్మిన రోడ్డు, ఈ ఒక్క నిజం దగ్గర నన్ను నమ్మలేదు. అందుకే అచ్చులో పెడుతున్నాను. ఆ రోజుల్లో నా జీపెక్కినవారికీ, ఆ పొగ మింగినవారికీ సవినయంగా విన్నవించేది ఇదే: ఆ పొగ నాది. రాజమల్లు చెయ్యి ఏనాడూ తప్పలేదు. అంతటి చెయ్యి ఈ రోడ్డుకు మళ్లీ దొరకదు.

తమ్మీ రాజమల్లూ, నన్ను క్షమించమని అడగను. అడిగితే వెంటనే క్షమించేవాడివి, ఆ సంగతి నాకు తెలుసు. నీకు చేతులెత్తి మొక్కి, రేపు లింగంపేట అడ్డాకు పోతున్నాను. అక్కడా నవ్వుతారు. ఎల్లుండి మళ్లీ పోతాను.