మా గ్రామఫోను పరుగు

మాది మద్రాసులో చింతాద్రిపేట. పందొమ్మిది వందల యాభైల్లో నేను వేపేరిలో ఒక ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. అక్కడ పియానో నేర్పే టీచరమ్మ ఆంగ్లో ఇండియన్. శనివారం మధ్యాహ్నాలు వాళ్లింట్లో కొందరు చేరి జాజ్ రికార్డులు వింటారని తెలిసి, ఏముంటుంది అందులో అని అడిగాను.

"వచ్చి చూడు" అంది.

వెళ్లాను. రైల్వే ఆఫీసులో పనిచేసే తమిళాయన ఒకరు, సినిమా పాటలకు క్లారినెట్ వాయించే గోవా ఆయన ఒకరు ఉన్నారు. ఈ వారం ఇంట్లో మళ్లీ మళ్లీ ఏది పెట్టుకుంటున్నారో ఆ రికార్డు తేవాలి, ఎందుకో చెప్పాలి. అదీ వాళ్ల పద్ధతి. గొప్ప రికార్డే అయ్యుండాలని లేదు.

"ఇందులో డ్రమ్ములాయన మధ్యలో ఒకచోట ఊరుకుంటాడు. ఎందుకు ఊరుకున్నాడో అంతు పట్టక వారంగా ఇదే వింటున్నా" అన్నాడు రైల్వే ఆయన.

సంగీతం నాకు పెద్దగా ఎక్కలేదు. ఆ మాట మాత్రం పట్టుకుంది. ఒక పాట గురించి అట్లా ఆలోచించే మనుషుల్ని నేను చూడలేదు. వచ్చేటప్పుడు టీచరమ్మ ఒక ట్రంపెట్ రికార్డు చేతిలో పెట్టింది.

మా ఇంట్లో తాత కొన్న కీ ఇచ్చే గ్రామఫోను ఉండేది. తాత పోయాక అది అవ్వ సొత్తు. నాటకాల పద్యాల రికార్డులు తప్ప వేరేది పెట్టనిచ్చేది కాదు. ఆ రోజు ట్రంపెట్ మొదలవగానే వంటింట్లోంచి వచ్చేసింది.

"ఏందే ఇది, పెండ్లి ఊరేగింపా? ఒకటే పరిగెత్తతా ఉండాడే!"

నాకూ అట్లాగే తోచింది. వారమంతా బడి నుంచి రాగానే అదే పెట్టుకున్నాను.

మరుసటి శనివారం నా వంతు వచ్చింది. "బడి గంట కొట్టగానే పిల్లలు గేటు దాటి పరిగెత్తినట్టు ఉంటుంది ఈ పాట. అందుకే వింటున్నా" అన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచరమ్మ రికార్డును తన కరెంటు రేడియోగ్రామ్ మీద పెట్టింది.

ట్రంపెట్ మెల్లగా, బరువుగా వచ్చింది. పోయినవాళ్లను తలుచుకుని ఏడ్చే పాటలాగుంది. పొరపాటున వేరే రికార్డు తెచ్చానేమోనని అది ఆగగానే లేచి దాని మీది చీటీ చూశాను. అదే. మొహం ఎత్తలేకపోయాను.

ఎవరూ నవ్వలేదు. క్లారినెట్ ఆయనైతే కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "మీ ఇంట్లో నిజంగా అట్లా వినిపిస్తుందా? మేం వచ్చి వినొచ్చా?"

వాళ్లొస్తారంటే అవ్వకు కంగారు. "ఆ దొరసాని మనింట్లో కాఫీ తాగతాదా?" అని నాలుగుసార్లు అడిగింది. టీచరమ్మ కాఫీ తాగింది, మురుకులు రెండోసారి కూడా పెట్టించుకుంది. ఆమెకొచ్చిన అరకొర అరవంలోనే ఇద్దరూ కబుర్లాడుకున్నారు.

రికార్డు పెట్టాను. ట్రంపెట్ ఎప్పటిలాగే ఉరికింది. క్లారినెట్ ఆయన కళ్లు మూసుకుని విని, మళ్లీ పెట్టమన్నాడు. "ఇది కూడా బాగుందే!" అన్నాడు. తర్వాత పెట్టెను పరీక్షగా చూసి, పళ్లెం పక్కనున్న, వేగం మార్చే చిన్న మరను తిప్పాడు. పాట నెమ్మదించింది. టీచరమ్మ ఇంట్లో విన్న నడక వచ్చేసింది.

అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో ప్రతి పాటా పరిగెత్తిందన్నమాట. అవ్వ పద్యాల రికార్డు తీసి పెట్టాను.

"ఈయనెవురే?" అంది అవ్వ.

"నువ్వు రోజూ వినే ఆయనే అవ్వా."

"కాదు. ఆయన గొంతు సన్నం. ఇదేంది, కుండలో నుంచి పాడినట్టు?"

పద్యం చివరిదాకా విన్నది కానీ మొహంలో కళ లేదు. "మీ తాతే తిప్పుంటాడు. తినేదానికీ తొందరే, నడిచేదానికీ తొందరే ఆయనకి" అంది. వెంటనే, "ముందెట్లుండిందో అట్లే పెట్టమను" అంది.

అక్కడొచ్చింది చిక్కు. మర ఎంత తిప్పాడో క్లారినెట్ ఆయనా చూసుకోలేదు, మేమూ చూడలేదు. పద్యం మళ్లీ మళ్లీ పెడుతూ కొంచెం కొంచెంగా తిప్పడం మొదలుపెట్టాడు. రైల్వే ఆయన కీ ఇస్తూ నిలబడ్డాడు. అవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"ఇంకా... ఇంకొంచెం... అయ్యో, పిల్లి గొంతయిపోయింది. ఎనక్కి తిప్పు... ఆ! ఈడ. ఈడ ఆపు."

అవ్వ మొహం విప్పారింది. టీచరమ్మ చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాతి శనివారం అవ్వ నాతో వస్తానని పట్టుబట్టింది. రిక్షాలో తీసుకెళ్లాను. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, పెట్టిన ప్రతి రికార్డుకూ ఒకటే ప్రశ్న వేసింది.

"ఇది వాళ్లు వాయించిన నడకేనా? మీరేమన్నా తిప్పినారా?"

అవ్వ ప్రశ్నను నేను అందరికీ ఇంగ్లీషులో చెప్పాను. రైల్వే ఆయన నవ్వబోయి ఆగాడు. టీచరమ్మ పియానో దగ్గరికి వెళ్లి, రికార్డు ఆడుతుండగానే పాటలో వినిపించే స్వరం కోసం మెట్లు నొక్కింది. ఒక మెట్టు తక్కువ పలికింది. దాని పక్కది ఎక్కువ పలికింది. పాట ఆ రెంటి మధ్యలో ఎక్కడో ఉంది.

"పియానో శ్రుతి పోయినవారమే చేయించాను" అందామె నెమ్మదిగా.

"అయితే ఇదీ సరైన వేగంతో తిరగడం లేదు. తేడా నీ రేడియోగ్రామ్‌లోనే" అన్నాడు క్లారినెట్ ఆయన. అప్పటికే ఆయన లేచి దాని మూత ఎత్తుతున్నాడు. అవ్వతో సహా అందరం చుట్టూ మూగాం.