జనరల్ బూట్లలో నేను

ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ దగ్గర ఒక పెద్దాయన బూట్లు విప్పుతుంటే పాలిష్ వాసన గుప్పుమంది. నేను అక్కడికక్కడే ఐదేళ్ళ పిల్లనైపోయాను.

నాన్న అప్పుడు ఇక్కడి అమెరికన్ సైనిక స్థావరంలో వంటమనిషి. అక్కడి జనరల్ మామూలు సిపాయిగా చేరి అంత పైకొచ్చినవాడు. రిటైరయ్యే ముందు ఒక్కసారి నాన్న వంట మా ఇంట్లో తినాలని వచ్చాడు.

గుమ్మంలోనే అమ్మ ఆపేసింది. "ఎంత జనరలైనా బూట్లు బయటే. ఆయనకు చెప్పండి," అంది నాన్నతో.

"మెల్లగా మాట్లాడవే! వింటాడు!"

"విననీండి, ఆయనకేమైనా తెలుగొచ్చా?"

నాన్న నోరు తెరిచేలోపే, అమ్మ చూపు తన బూట్ల మీదుండడం గమనించి ఆయన వంగి లేసులు విప్పాడు.

ఆ బూట్ల చప్పుడు వింటేనే స్థావరంలో అందరూ బిగుసుకుని నిలబడడం నేను చూశాను. అధికారమంతా బూట్లలోనే ఉంటుందని నా లెక్క. ఆయన సాక్సులతో భోజనానికి కూర్చున్నాడు. నాన్న మాత్రం గరిటె పట్టుకుని నిలబడ్డాడు. పక్కన కూర్చోమని ఆయన ఎంత బతిమాలినా, "పర్లేదు సార్, తర్వాత తింటా" అంటాడు. మా ఇంట్లో మా నాన్న నిలబడడమేంటి?

బయటికెళ్ళి, మోకాళ్ళు దాటిన ఆ బూట్లలో దూరి, ఈడ్చుకుంటూ వచ్చాను.

"నాన్నా, కూర్చో!" అంటూ ఆయన పక్కన ఖాళీ కుర్చీ చూపించాను.

జనరల్ చటుక్కున లేచి నాకు సెల్యూట్ కొట్టాడు. "జనరల్ గారి ఆర్డర్!" అన్నాడు నాన్నతో.

నాన్న కూర్చున్నాడు. అమ్మ ఇద్దరికీ వడ్డించింది.

బూట్లలో ఏమీ లేదని, ఆయన లేచి నిలబడ్డందుకే నా ఆర్డర్ చెల్లిందని పెద్దయ్యాక అర్థమైంది. అయినా ఆ గెలుపులో ఆయనకు వాటా ఇవ్వను. నాన్నను కూర్చోబెట్టింది నేనే.