ఖాసింబీ కాగితం

కడప దగ్గరి ఆ తాలూకా ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుకు కట్లు కట్టేది ఖాసింబీ. కాల్లోంచి నారిపురుగు బయటపడే నారికురుపు పుండుకు అంటుకుపోయిన గుడ్డను వేడినీళ్ళతో తడిపి, పోగు పోగుగా విడదీస్తుంది. చీము వాసనకు ముఖం తిప్పుకోదు, తీపిమాటలూ చెప్పదు. "కదలొద్దు" అంటుంది, అంతే. ఎస్సెల్సీ ప్యాసైన ఆమెను డాక్టరు "ఏయ్ కట్లపిల్లా" అనే పిలుస్తాడు. మద్రాసు వైద్య పాఠశాలకు దరఖాస్తు పెట్టుకుంటానని, మూడేళ్ళు పనిచేసినట్టు కాగితం అడిగితే నెల్లాళ్ళు తిప్పుకున్నాడు. చివరికి ఒక ఉదయం రోగుల ముందే ఇంగ్లీషులో రెండు వాక్యాలు గీకి, సంతకం చేసి, మొహరు కొట్టి ఆమె మీదికి విసిరాడు.

"చదువు. అందరికీ వినపడాల."

ఆమె తెలుగు చేసి చదివింది. "ఈమె మూడేళ్ళు ఇక్కడ పనిచేసింది. బండలు కడగడానికి తప్ప ఎందుకూ పనికిరాదు."

కట్టు కోసం కాలు చాపుకొని కూర్చున్న ముసలి ఓబులమ్మ ఊరుకోలేదు. "నా కాలు నిలబెట్టిన పిల్లను అట్ల రాస్తివేంది సామీ?"

డాక్టరు ఆమె వైపు చూడనైనా లేదు. ఖాసింబీ కాగితం చింపేస్తుందని ఎదురుచూస్తున్నాడు. చెవులు ఎర్రబడిపోయినా ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది.

"మూడేండ్లు చేసినానని మీ చేత్తోనే రాసినారు సార్, మొహరూ ఉండాది. మద్రాసోళ్ళు అడిగింది అదే. రెండో మాట కూడా చదువుకోనీండి."

ఖాసింబీ ఓబులమ్మ కాలికి కట్టు పూర్తిచేసి, చేతులు కడుక్కుని, డాక్టరు చూస్తుండగానే తపాలాఫీసుకు నడిచింది.