మల్లప్ప ముద్ద హోటలు బోర్డు

ఓబులేసు కంటికి అక్షరం కనబడితే చాలు, "దీనికి పర్మిషన్ ఉండాదా?" అంటాడు. హిందూపురంలో బోర్డులకు అనుమతులు చూసే మునిసిపల్ ఉద్యోగం ఆయనది. ఆఫీసు సాయంత్రానికి మూసేస్తారు, ఓబులేసును మూసేవాళ్లు లేరు. పోయినేడు ధర్మవరానికి బదిలీ అయినాడు. అప్పటినుంచి ఈ వీధుల్లో నడుస్తుంటే కూరలో ఉప్పు తక్కువైనట్టుంటుంది నాకు.

నేను కాలు నిలవని మనిషిని. పుస్తకాలు చదివినాను గానీ, బస్సు కిటికీలోంచి చదివిన బోర్డులే ఎక్కువ. బత్తలపల్లిలో పంక్చర్ షాపులు, ధర్మవరంలో పట్టుచీరలు, కుంచెతో రాసిన ఒక్కో అక్షరానికి వెనక ఎర్రటి నీడ. ఇప్పుడన్నీ ఫ్లెక్సీలే, అన్నిటికీ ఒకే మొగం. ఆ నీడల కోసమే ఇంకా కిటికీ సీటు అడుగుతాను. సరే, ఓబులేసు దగ్గరికి వస్తా.

ఒకసారి ఇద్దరం పెనుకొండ పోతున్నాం. పక్క సీటు అవ్వ చేతిమీద పచ్చబొట్టు చూసినాడు.

"అవ్వా, దీనికి పర్మిషన్ ఉండాదా?"

"మా నాయన పొడిపిచ్చినాడప్పా. పైనుండాడు, పోయి అడుగు."

కోటలో శాసనం ముందర నిలబడి, "ఇంత రాతకు ఎవరిచ్చినారు పర్మిషన్?" అన్నాడు. రాజే ఇచ్చుంటాడంటే తల అడ్డంగా ఊపినాడు. "తనకు తాను ఇచ్చుకుంటే చెల్లదు."

కూతురు ఐశ్వర్య పెండ్లిలో వియ్యంకుడు కట్టించిన ఫ్లెక్సీ కూడా ఆయనే విప్పించినాడు.

"ఏమబ్బా, కూతురి పెండ్లికి కూడానా?" అన్నాను.

"పెండ్లికి వాళ్లమ్మ ఇచ్చింది పర్మిషన్. ఫ్లెక్సీకి ఎవరిచ్చినారు?"

ఇట్లాంటి మనిషి, బదిలీ కాకముందు ఒక మధ్యాహ్నం, కొత్తగా వచ్చిన ఆఫీసరును వెంటబెట్టుకుని ఉలిగమ్మ హోటలుకు వచ్చినాడు. నేను ఆడే రాగిముద్ద తింటున్నా. గుమ్మం పైన రేకు బోర్డు: 'మల్లప్ప ముద్ద హోటల్'. మల్లప్ప ఆమె మొగుడు. బతికుండగా తన చేత్తో రాసుకున్నాడు. ఆయన పోయినాక రోజూ పొద్దున్నే ఆ రేకును కొంగుతో తుడిచేది ఉలిగమ్మ, నిద్రలేచిన బిడ్డ మొగం తుడిచినట్టు.

"హోటలు మీ పేరున ఉందమ్మా. బోర్డు మీద ఇంకొకరి పేరు ఉంటే అనుమతి రాదు. దించేసి, మీ పేరుతో రాయించుకోండి," అన్నాడు ఆఫీసరు.

ఉలిగమ్మ తలెత్తి బోర్డును చూసింది. తలుపు రెక్క పట్టుకుని నిలబడింది.

ఓబులేసు బోర్డును కిందినుంచి మీదికి చూసినాడు. గొంతు సవరించుకున్నాడు.

"సార్, మీరు చదివింది తప్పు. మల్లప్ప అనేటోని ముద్ద హోటలు కాదు ఇది. మల్లప్ప ముద్ద అని ఒక రకం ముద్ద. అది అమ్మే హోటలు. సరుకు పేరుకు అడ్డం లేదు కదా."

"అలాంటి రకం ఉందా?"

"రొళ్ల మండలం దిక్కు బాగా తింటారు సార్."

ఆఫీసరు ఉలిగమ్మ వైపు తిరిగినాడు. "నిజమేనా అమ్మా? ఇక్కడ మల్లప్ప అంటే ముద్దేనా?"

ఉలిగమ్మ పెండ్లయినప్పటినుంచి మొగుని పేరు నోట పలికి ఎరగదు. 'మా ఆయప్ప' అనేది. ఎవరైనా పేరడిగితే బోర్డు వైపు చెయ్యి చూపేది. ఆమెకు ఆ పేరు ఉన్న చోటు అదొక్కటే.

ఓబులేసు నేల చూస్తున్నాడు. ఆమె కొంగు సర్దుకుని వంటింటి వైపు తిరిగింది.

"వనితా, సార్‌కు..." ఆగింది. చెవులు ఎర్రబడినాయి. "సార్‌కు మల్లప్ప ఒకటి పెట్టు."

వంటచేసే వనిత ఒక క్షణం గరిటె పట్టుకుని అట్లే చూసింది. తర్వాత పొగలు కక్కే ముద్ద, ఊరుబిండి పచ్చడి తెచ్చి పెట్టింది. ఆఫీసరు తిన్నాడు, వేళ్లు నాక్కున్నాడు. "ఇంకో మల్లప్ప," అన్నాడు. బోర్డు నిలిచింది.

బయటికొచ్చినాక, "ఆ రకం యాడుండాదబ్బా, నేను తిరగని ఊరు లేదే?" అని అడిగినాను.

"ఈ పూటనుంచి ఉండాది," అన్నాడు ఓబులేసు.

ఇప్పుడా హోటల్లో ముద్ద అంటే ఎవరికీ వడ్డించరు, మల్లప్ప అనాల్సిందే. మొన్న పోయినప్పుడు 'రెండు మల్లప్ప' అని ఉలిగమ్మ గొంతు వీధిలోకి వినబడతాండింది.

"ఏమ్మా, బాగా నోరు తిరిగినట్టుండాదే," అన్నాను.

"బతికుండంగా పేరు పెట్టి పిలిచింటే కసిరేవాడు సామీ," అని నవ్వింది. "ఇప్పుడు పిలిచినప్పుడల్లా వస్తాండాడు, వేడివేడిగా."