సూర్యం గారి డ్రమ్ముల పక్కన పెట్టిన దీపం

అది 2022 నవంబరు. ఒడిశాలోని బరంపురంలో గోసాని నువాగాం వైపు నాకొక చిన్న లైటింగ్ షాపు ఉంది. పెళ్ళిళ్ళకీ, స్కూలు వార్షికోత్సవాలకీ, పాటల బృందాలకీ స్టేజి దీపాలు అద్దెకిస్తాను, కావాలన్నవాళ్ళకి కొత్తవి తెప్పించి ఇస్తాను. అప్పటికే ఈ పనిలో పద్దెనిమిదేళ్ళు గడిచాయి. మొదట్లో ఆడమనిషి నిచ్చెనెక్కి లైట్లు కడుతోందని జనం స్టేజిని వదిలేసి నన్ను చూసేవారు. ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు. నాకు కావలసిందీ అదే.

ఒక మధ్యాహ్నం తులసి వచ్చింది. చిన్నపిల్లల బడిలో టీచరు. సాయంత్రాలు, సెలవు రోజుల్లో నలుగురి బృందంలో పాడుతుంది. తెలుగు పాటలూ ఒడియా పాటలూ రెండూ పాడగలదు కాబట్టి మా ఊళ్ళో ఆ బృందానికి బాగానే పిలుపులొస్తాయి. ఆమెతో పాటు బేస్ గిటారు వాయించే గోపి, ఆ వెనకాలే యాభై దాటిన ఒకాయన లోపలికి వచ్చారు. ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా మూలనున్న కుర్చీలో కూర్చున్నారు.

"అక్కా, ప్రతిసారీ అద్దె కట్టలేకపోతన్నాం. సొంతంగా కొన్ని లైట్లు కొనుక్కుందామని. తక్కువలో ఏటి వస్తాయో సెప్పండి" అంది తులసి.

చిన్న బృందాలు రాగానే అడిగేది మూవింగ్ హెడ్. అంటే మెడ తిప్పుతూ కిరణాలు విసిరే దీపం. గోపి కళ్ళు కూడా దాని మీదే ఉన్నాయి. నేను మాత్రం అందరికీ చెప్పేదే వాళ్ళకీ చెప్పాను. ముందు మొహాలు కనబడాలి. అందుకు ఎల్ఈడీ పార్ లైట్లు నాలుగు చాలు. పార్ అంటే చిన్న డబ్బాలా ఉండి స్టేజి మీద రంగు పరిచే దీపం. రెండు ముందు నుంచి, పక్కకి కాస్త ఏటవాలుగా, పసుపు కలిసిన తెల్లటి వెలుగుతో పెట్టాలి. రెండు వెనక నుంచి రంగులకి. వాటిని నడపడానికి చిన్న కంట్రోలరు, రెండు స్టాండ్లు. పొగ మెషిన్ వద్దు, మూవింగ్ హెడ్ వద్దు. కొనేముందు దీపం వెలిగించి ఫోనులో వీడియో తీసి చూసుకోవాలి. నాసిరకం దీపమైతే వీడియోలో నల్ల చారలు పాకుతాయి.

"మరి డ్రమ్ముల మీద?" అని అడిగాను.

తులసి మూలనున్నాయన వైపు చూసింది. "డ్రమ్ములు వాయించేది మా అన్నయ్యే. సూర్యం. రెండేళ్ళ కిందట జబ్బు సేసి బాగా మందులు వాడాల్సొచ్చింది. చెవులు పోయాయి. ఇప్పుడు ఏటీ ఇనబడదు. గోపి పక్కన నిలబడి తలాడిస్తే అది సూసి వాయిస్తాడు. నెమ్మది పాటలకి సరే. జోరు పాటలకి తప్పుతాది." ఆయనకి వినబడదని తెలిసినా గొంతు తగ్గించి చెప్పింది. "పోయిన ప్రోగ్రాంలో రెండుసార్లు తప్పాడు. ఈ ఆదివారం హల్దియాపదర్ కల్యాణ మండపంలో కాలనీ వాళ్ళ ఫంక్షను. మళ్ళీ తప్పితే ఇకమీద డ్రమ్ములు రికార్డు పెట్టుకు రమ్మన్నారు. అన్నయ్య అయితే ఇదే ఆఖరు, మానేస్తానంటన్నాడు."

ఒక పార్ లైటు తీసి ప్లగ్గు పెట్టాను. షాపులో చిన్న స్పీకరు మీద ఏదో సినిమా పాట నడుస్తోంది. దీపం వెలిగి దానంతటదే మిణుకుమనడం మొదలుపెట్టింది. సౌండ్ మోడ్‌లో ఉండిపోయింది. చవక పార్‌లన్నిటికీ వెనక గుండుసూది పట్టేంత బెజ్జం, లోపల చిన్న మైకు ఉంటాయి. చప్పుడు వింటే దీపం వెలుగుతుంది. కంట్రోలరు కొనలేనివాళ్ళ కోసం పెట్టిన ఏర్పాటు అది. పాటకీ దీపానికీ పొందిక లేకుండా గంతులేస్తుందని మా పనివాళ్ళం ఎవరమూ వాడము. కొత్త దీపం చేతికి రాగానే నేను చేసే మొదటి పని దాన్ని ఆపేయడం.

ఆపబోతుంటే సూర్యం గారి చెయ్యి కనబడింది. మోకాలి మీద వేళ్ళు కదులుతున్నాయి. కళ్ళు దీపం మీద ఉన్నాయి. ఆ వేళ్ళు పాటతో సరిగ్గా పడుతున్నాయి.

స్పీకరు ఆపాను. దీపం ఆరింది. వేళ్ళు ఆగాయి. వేరే పాట పెట్టాను, ఇంకాస్త జోరుది. ఆయన రెండు క్షణాలు ఊరికే చూశారు. తర్వాత వేళ్ళు మొదలయ్యాయి, ఈసారి రెండు చేతులూ. దీపం వెలిగే చోట మాత్రమే కాదు, వెలుగుకీ వెలుగుకీ మధ్య ఖాళీల్లో కూడా కొడుతున్నారు. పాటలో ఉన్న దెబ్బలు అవే. తులసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. గోపి మూవింగ్ హెడ్ దగ్గర నుంచి ఇటు వచ్చేశాడు.

"ఇది పాట ఏస్తన్నాది కదమ్మా" అన్నారు సూర్యం గారు. షాపులోకి వచ్చాక ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి.

అవునని తలూపాను.

"ఏటి, దీని ధర బాగా ఎక్కువేటి?"

అన్నిట్లోకీ ఇదే తక్కువని కాగితం మీద రాసి చూపించాను. ఆయన చదివి, దీపం వైపు మళ్ళీ తిరిగారు. పక్కనే నా దగ్గర పాత హాలోజెన్ దీపాలు కూడా ఉన్నాయి, తీగ వేడెక్కి వెలిగేవి. ఆ తీగ వేడెక్కడానికీ చల్లారడానికీ కొంత సమయం పడుతుంది, దెబ్బ పడిన క్షణం దాంట్లో తెలియదు. ఎల్ఈడీ అలా కాదు, టక్కున వెలిగి టక్కున ఆరుతుంది. ఇన్నేళ్ళుగా ఈ తేడా నేను కొనేవాళ్ళకి చెబుతూనే ఉన్నాను. అది ఒక మనిషికి ఇంత పనికొస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆదివారం నేనూ వెళ్ళాను. అమ్మిన లైట్లు బిగించి ఇవ్వడం నా అలవాటు, కానీ ఆ రోజు పిలవకపోయినా వెళ్ళేదాన్నే. మూడింటికి సౌండ్ చెక్ పెట్టారు. షాపులో చక్కగా పనిచేసిన దీపం అక్కడ పనికిరాలేదు. హాల్లో పెద్ద స్పీకర్లు. తులసి గొంతుకి వెలుగుతోంది, బృందంలో నాలుగోవాడు బిపిన్ కీబోర్డుకి వెలుగుతోంది, కుర్చీలు ఈడ్చినా వెలుగుతోంది. ఆరడమే లేదు. సూర్యం గారు కర్రలు ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇది అరుస్తన్నాదమ్మా" అన్నారు. "ఏటీ తెలీటం లేదు."

గంటన్నర కూర్చుని రకరకాలుగా చూశాను. చివరికి పట్టుబడింది. మైకు బెజ్జానికి స్పాంజి ముక్క అడ్డం పెట్టి టేపు వేశాను. సన్నటి శబ్దాలు ఆగిపోయాయి, బరువైనవి మాత్రం లోపలికి వెళ్తున్నాయి. దీపాన్ని గోపి బేస్ స్పీకరుకి ఆనించి పెట్టి, దాని మెనూలో మైకు వినికిడి అంకె బాగా తగ్గించాను. జనానికి కనబడకుండా చుట్టూ నల్లగుడ్డ కట్టాను. గోపి ఒక తీగ మీటాడు. దీపం ఒక్కసారి వెలిగింది. మళ్ళీ మీటాడు. మళ్ళీ ఒక్కసారే. సూర్యం గారు కర్రలు తీసుకున్నారు.

నాలుగు దీపాల్లో ఒకటి అలా పోయింది కాబట్టి వెనక రంగుకి ఒక్కటే మిగిలింది. స్టేజి ఒక పక్క బోసిగా ఉంటుందని తులసితో అన్నాను.

"ఉండనీయండక్కా. సూడ్డానికొచ్చినోళ్ళు మా మొహాలు సూస్తే సాలు."

ఐదున్నరకి మొదలుపెట్టారు. మొదటి నాలుగు పాటల్లోనూ ఒక్క దెబ్బ తప్పలేదు. ముందు వరసలో కాలనీ పెద్దలు కాళ్ళాడిస్తున్నారు. ఐదోది వాళ్ళ పాటల్లో అన్నిటికంటే జోరుది. రెండో చరణంలో కరెంటు పోయింది.

నా లైట్లన్నీ పోయాయి. కీబోర్డు, గిటారు, మైకు ఒక్కసారే మూగబోయాయి. జనరేటరు కోసం ఎవరో పరిగెత్తారు. ఆ చిన్న దీపం కూడా ఆరిపోయింది. ఆయనకిక ఏ ఆధారమూ లేదు.

డ్రమ్ములు ఆగలేదు.

చీకట్లో అదే వేగంతో నడుస్తున్నాయి. తులసి ఒక్క క్షణం తడబడి, మైకు లేకుండానే గొంతెత్తి అన్నయ్య దెబ్బల మీద పాట అందుకుంది. కుర్చీల్లో వాళ్ళు కదలకుండా విన్నారు. నేను కంట్రోలరు ముందు చేతులు ముడుచుకుని నిలబడ్డాను. అంత పెద్ద హాల్లో చేయాల్సిన పని ఏదీ లేక నేను ఊరికే నిలబడడం అదే మొదటిసారి.

చరణం అయిపోయి పల్లవి తిరిగేసరికి కరెంటు వచ్చింది. కీబోర్డు లేవడానికి సమయం పడుతుంది. గోపి స్పీకరు ముందు లేచింది. అతను ఒక క్షణం చెవి పెట్టి విని, సూర్యం గారితో కలిసి మీటాడు. నల్లగుడ్డ వెనక దీపం మళ్ళీ వెలగడం మొదలైంది. నేనున్న పక్క నుంచి ఆ దీపమూ, పెద్ద డ్రమ్మును కొట్టే పెడలు మీద ఆయన పాదమూ రెండూ కనబడతాయి. దీపం వెలిగినప్పుడల్లా ఆ పాదం అప్పటికే దిగి ఉంది. ఆయన దీపాన్ని చూసి కొట్టడం లేదు, గోపి మీటడమే ఆయన దెబ్బ వెనక వస్తోంది.

ప్రోగ్రాం అయ్యాక వైర్లు చుడుతూ ఆయన్ని అడిగాను, ఫోనులో టైపు చేసి. దీపం లేకుండా ఎలా వాయించారు?

ఆయన చదివి నవ్వారు. "దీపం నాకు పాట సెప్పదమ్మా. పాట నాకాడే ఉన్నాది, ముప్పయ్యేళ్ళుగా. ఈళ్ళు పాటలో ఎక్కడున్నారో తెలీకే తప్పుతన్నాను. మీ దీపం అది సెప్తాది. చీకట్లో ఈళ్ళెవరూ లేరు కదా, నానొక్కడినే. ఇంక తప్పేదేటుంది?"

కాలనీ వాళ్ళు ఆ తర్వాతి ఏడాది కూడా వాళ్ళనే పిలిచారు. రికార్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. సూర్యం గారు ఇప్పటికీ వాయిస్తున్నారు.

ఆ రోజు దాకా దీపం జనం కోసమే అనుకునేదాన్ని. స్టేజి మీదున్నవాళ్ళు దాని కింద నిలబడతారు, అంతే. ఇప్పుడు ఏ బృందం వచ్చినా ఎన్ని లైట్లు కావాలని ముందే అడగను. వాళ్ళలో ఎవరు ఎవరిని చూసుకుంటూ వాయిస్తారో అడుగుతాను. చాలామంది ఈ ప్రశ్నకి ఆగి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మొదటి దీపం ఎక్కడ పెట్టాలో నాకు అక్కడ తెలుస్తుంది.