రెండూ మూడూ కలిపితే

మావారు మండపేటలో లెక్కల మాస్టారు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు నేను అనాసపండు కోయబోతుంటే ఆపి, దాని కళ్లు ఏటవాలుగా పైకి చుట్టుకునే వరసల మీద సుద్దముక్కతో గీతలు పెట్టి చూపించారు. ఒకవైపు ఎనిమిది వరసలు, ఎదురువైపు పదమూడు.

"ఒకటి, ఒకటి, రెండు, మూడు, ఐదు, ఎనిమిది, పదమూడు. వెనకున్న రెండూ కలిపితే తరవాతది వస్తుంది. ఇప్పుడు ఏ అంకెనైనా దాని వెనకదానితో భాగించి చూడు," అన్నారు.

కాలిక్యులేటరు మీద భాగించాను. ఒకసారి కాస్త ఎక్కువ, ఒకసారి కాస్త తక్కువ. పోనుపోను అన్నీ ఒకటి పాయింట్ ఆరు ఒకటి ఎనిమిది దగ్గర సర్దుకున్నాయి.

"దీన్నే స్వర్ణ నిష్పత్తి అంటారు. ఎంత దూరం పోయినా దగ్గరవుతుందే గానీ సరిగ్గా అందదు."

నాకు లెక్కలంటే భయం. ఆయన మొహంలో సంబరం చూస్తూ కూర్చున్నాను.

పోయిన వానాకాలం క్లాసులో బోర్డు మీద రాస్తూ పడిపోయారు. పక్షవాతం. రాజమండ్రి ఆసుపత్రిలో చెయ్యి కొంత స్వాధీనంలోకి వచ్చింది, మాటా వచ్చింది. అంకెలు మాత్రం రాలేదు.

"మెదడులో లెక్కలు చూసుకునే చోటే దెబ్బతిందమ్మా. తేలికవి రోజూ చేయిస్తూ ఉండండి," అన్నారు డాక్టరు గారు.

ఆయన నాకు ఇష్టంగా నేర్పిన లెక్క ఆ అనాసపండు లెక్కొక్కటే. రోజూ కాఫీ ఇచ్చి పక్కన కూర్చునేదాన్ని.

"ఏమండీ, ఒకటి, ఒకటి, రెండు, మూడు. తరవాత?"

"మూడు."

"రెండూ మూడూ కలపండి."

"రెండేది?" అనేవారు, చుట్టూ వెతుక్కుంటూ.

మూడు అనేసరికి రెండు జారిపోయేది. రెండు గుర్తుచేస్తే మూడు పోయేది. చలికాలం వెళ్లింది, ఎండలు ముదిరాయి. ఐదు రాలేదు.

ఒక పొద్దున్న నేను నోరు తెరవబోతుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇది నేను పిల్లలకి చెప్పేవాణ్ణి కదూ?"

"అవునండి."

"ఇంక అడక్కు. నువ్వడిగినప్పుడల్లా నాకేం పోయిందో తెలుస్తోంది."

ఆ రోజు నుంచి అడగడం మానేశాను. కాఫీ ఇచ్చి, నేనూ పక్కన కూర్చుని తాగుతాను.

మొన్న మళ్లీ రాజమండ్రి వెళ్లాం. "లెక్కలు చేయిస్తున్నారా అమ్మా?" అని అడిగారు డాక్టరు గారు.

"చేయిస్తున్నానండి," అన్నాను.

మావారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.